నటశేఖరుడు బళ్ళారి రాఘవ

తెలుగు నాటకరంగ చరిత్రలో బళ్ళారి పట్టణానికి విశిష్టస్థానం ఉన్నది. కన్నడ, తెలుగు భాషలు తోబుట్టువులవలె కలిసి మెలగే ఆ ఊరిలో 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను నెలకొల్పారు. అటుపిమ్మట కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను స్థాపించారు. ఇద్దరూ న్యాయవాదులే, ఇద్దరూ నాటకకర్తలే. మొదటివారు పౌరాణికాలకు, రెండవవారు చారిత్రకాలకు పేరుపడ్డారు. ఈ రెండు సభల మధ్య పెరిగిన బాలుడే తరువాత దేశమంతటా బళ్ళారి రాఘవగా ప్రఖ్యాతి గాంచిన తాడిపత్రి రాఘవాచార్యులు.

ఆయన 1880 ఆగస్టు 2న జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు తెలుగు పండితులు, తల్లి శేషమ్మ. ధర్మవరంవారు స్వయానా మేనమామ. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టం పుచ్చుకొని, న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడ్డారు. వృత్తిలో బాగుగా రాణించి ప్రభుత్వ న్యాయవాది కూడా అయ్యారు. నాటకం ఆయనకు జీవనాధారం కాకపోవడం రంగస్థలానికి మేలే చేసింది. టిక్కెట్ల రాబడికోసం ప్రేక్షకుల చపలత్వానికి తలవంచవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. ప్రదర్శనల మీద వచ్చిన సొమ్ము తరచుగా ప్రజోపయోగకార్యాలకే వెళ్ళేది.

ఆనాటి తెలుగు నాటకమంటే పద్యమూ, రాగమూ. కథ ఎంత తీవ్రమైన ఘట్టంలో ఉన్నా నటుడు నిలబడి రాగాలాపన సాగించవలసిందే. జనం ఒన్స్ మోర్ అని కేకలు వేస్తే, మరణించిన పాత్ర సైతం లేచి మరల పద్యం పాడి పడిపోయేదట! పల్లెల్లో తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు చూచిన చింతామణి, బాగేపల్లి ప్రాంతపు పెద్దలకు ఈ మాట వింతగా తోచదు. తెలుగు రంగస్థలంపై పద్యానికి అంతటి పట్టం కట్టినవారిలో ఆయన మేనమామ అగ్రగణ్యులు. ఇంటిపెద్ద పోసిన పునాదినే ప్రశ్నించడం రాఘవకు సులువైన పనిగా ఉండి ఉండదు. అయినా ఆయన పద్యాలను తగ్గించారు. వచనానికి, చూపుకు, మౌనానికి ప్రాధాన్యం ఇచ్చారు. పాత్ర హృదయంలోని సంఘర్షణను ముఖంలో చూపగలిగితే గానం అక్కరలేదని ఆయన విశ్వాసం. ఆయన చేతిలో హిరణ్యకశిపుడు కేవలం రాక్షసుడు కాలేదు. కుమారుని ప్రేమించి, అహంకారానికి లోబడి నలిగిపోయే తండ్రి అయినాడు. కోలాచలంవారి రామరాజు చరిత్రలో పఠాను పాత్ర ఆయనకు ఎనలేని కీర్తి తెచ్చింది. షేక్స్పియరు నాటకాలను ఆంగ్లంలో ఆడారు. తెలుగుతోపాటు కన్నడ, హిందీ భాషలలోనూ నటించారు.

ఆయన తలపెట్టిన మరొక మార్పు మరింత సాహసమైనది. స్త్రీ పాత్రలను పురుషులు ధరించే ఆచారం పోవాలనీ, చదువుకున్న కుటుంబస్త్రీలు రంగస్థలంపైకి రావాలనీ ఆయన పట్టుబట్టారు. ఆ రోజుల్లో నటి అంటే సంఘం చూపు వేరు. వేదిక ఎక్కిన స్త్రీ తన పరువునే పణంగా పెట్టవలసి వచ్చేది. ఈ విషయం రాఘవకు తెలియనిది కాదు. అందుకే నాటకశాల మొదట గౌరవప్రదమైన చోటు కావాలని తపించారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి నటీమణులు ఆయనతో కలిసి నటించి ఆ మార్గాన్ని తెరిచారు. పి.వి. రాజమన్నారుగారి తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని కూడా రాఘవ ప్రదర్శించారు. రాజమన్నారుగారు తరువాత మద్రాసు ఉన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. న్యాయస్థానమూ నాటకమూ మన భాషలో ఎంత దగ్గరగా మెలగాయో!

1927లో మహాత్మాగాంధీ అనారోగ్యం కారణంగా చిక్కబళ్ళాపురం సమీపాన గల నందికొండపై కొన్ని వారాలు విశ్రాంతి తీసుకున్నారు. ఆ సంవత్సరమే ఆయన రాఘవ ప్రదర్శించిన దీనబంధు కబీరు నాటకాన్ని చూచారు. ప్రార్థనావేళ అయినదని ఎవరో గుర్తుచేయగా, ఈ నాటకం చూడడమూ ప్రార్థనయే కదా అన్న భావంతో గాంధీజీ కదలక కూర్చున్నారని చెప్పుకుంటారు. దాదాపు అదే కాలంలో రాఘవ ఐరోపా వెళ్ళి, అక్కడి నాటకశాలలను పరిశీలించి, బెర్నార్డ్ షాను కలుసుకొని, భారతీయ నాటకాన్ని గూర్చి మాట్లాడారు. పరదేశపు రంగస్థలాన్ని చూచి అబ్బురపడి ఊరుకోలేదు. మనది కూడా వారికి తెలియాలని ఆశించారు.

చలనచిత్రాలలో ఆయన నటించినవి కొద్దిమాత్రమే. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారి రైతుబిడ్డ, 1940లో చండిక. ఎదుట ప్రేక్షకుడు లేని నటన ఆయనకు అంతగా అచ్చిరాలేదనే చెప్పాలి.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. ఏడేళ్ళకు, 1953లో, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. హద్దులు మారినా ఊరు ఆయనను మరువలేదు. 1981లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళను విడుదల చేసింది. బళ్ళారిలో ఆయన పేరిట వెలసిన రాఘవ కళామందిరంలో కన్నడ నాటకమూ తెలుగు నాటకమూ ఒకే వేదికపై ప్రదర్శితమవుతూ వచ్చాయి.