జగదీశచంద్ర బోసు

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు బాట శృంగవరపుకోట దాటిన పిమ్మట తూర్పుకనుమల నెక్కుచు అనంతగిరి మీదుగా సాగును. సెలవు దినములందు ఆ ఘాటురోడ్డుపై కార్లు బారులు తీరి పోవుచుండును. బొర్రా గుహల యొద్ద కారు నిలిపినవారు తలుపులు మూసి, నాలుగడుగులు నడచి, చేతిలోని తాళపుచెవి మీటను నొక్కుదురు. కారు దీపములు ఒక్కమారు మెఱయును; తలుపులకు తాళము పడును. తాళపుచెవి కారును తాకలేదు; రెంటి నడుమ తీగ లేదు. గుహలోనికి దిగిన పిమ్మట అదే మీటను ఎన్నిమారులు నొక్కినను కారు పలుకదు. ఆ చిన్న సాధనపు శక్తి కొలది గజముల దూరమునకే చాలును. పైగా నడుమ కొండరాయి అడ్డము నిలుచును.

ఈ పనిని నెఱవేర్చునవి కంటికి కానరాని విద్యుత్తరంగములు. మీట నొక్కిన క్షణమున తాళపుచెవిలోని సాధనము తరంగరూపమున ఒక సంకేతమును వెలువరించును. కారులోని గ్రాహకము దానిని గుర్తించి తాళమును నడపును. దొంగ యొకడు చాటున నుండి ఆ సంకేతమును పట్టి మఱల పంపిన నేమగునని సందేహము కలుగవచ్చును. ఇప్పటి తాళపుచెవులలో పెక్కింటియందు సంకేతము ప్రతిమారును మాఱుచుండును గనుక, నిన్నటి సంకేతము నేడు పనికిరాదు. దూరమునుండి తీగ లేకుండ ఒక పనిని చేయించుట నేడు పసిపిల్లలకును వింత కాదు. 1895లో కలకత్తా టౌన్‌హాలున కూడిన పెద్దలకు మాత్రము అది ఇంద్రజాలమువలె తోచెను. ఆనాడు ఆ వింతను చూపినవాడు ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్రాచార్యుడగు జగదీశచంద్ర బోసు.

బోసు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన తూర్పు బెంగాలులోని మైమన్‌సింగులో జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి భగవాన్‌చంద్ర బోసు ప్రభుత్వమున డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ పదవిలోని వారందఱు తమ బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపు కాలమున, ఆయన కుమారుని వంగభాష నేర్పు పల్లెబడికి పంపెను. అచట ఆ బాలుని కుడిప్రక్కను ఎడమప్రక్కను కూర్చుండినవారు ఒక ముస్లిము బంట్రోతు కొడుకును, ఒక జాలరి కొడుకును. నీటిలోని ప్రాణులను గూర్చియు, పక్షులను గూర్చియు వారు చెప్పిన కథలే తనలో ప్రకృతిపై ఆసక్తిని రేపినవని బోసు పెద్దవాడైన పిమ్మటను తలచుకొనుచుండెను.

తరువాత ఆయన కలకత్తాలో చదివెను. సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లాఫాన్ అను గురువు ప్రయోగములు చేసి చూపుచు భౌతికశాస్త్రమును బోధించుచుండెను. 1880లో వైద్యము నభ్యసించుటకు బోసు లండను వెళ్ళెను గాని జ్వరబాధచే ఆ చదువు సాగలేదు. కేంబ్రిడ్జిలో చేరి ప్రకృతిశాస్త్రములలో పట్టమందెను. అచట రేలీ ప్రభువు ఆయనకు గురువు. 1887లో బోసు వివాహమాడిన అబలాదేవియు వైద్యవిద్యార్థినియే. కలకత్తా వైద్యకళాశాల స్త్రీలను చేర్చుకొననందున ఆమె చెన్నపట్టణమునకు వచ్చి కొంతకాలము చదివెను.

1885లో స్వదేశమునకు తిరిగివచ్చి బోసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యెను. ఆనాడు అదే పనికి ఆంగ్లేయునకు ఒక జీతము, భారతీయునకు అందు మూడింట రెండు వంతులు. పైగా బోసు ఉద్యోగము తాత్కాలికమని చెప్పి దానిని సగము చేసిరి. తుదకు ఆయనకు దక్కునది మూడవ వంతు. బోసు వాదింపలేదు; ఉద్యోగము మానలేదు. ప్రతి దినము పాఠములు చెప్పెను. నెల తిరుగగనే వచ్చిన జీతపు చెక్కును ముట్టక త్రిప్పి పంపెను. ఇట్లు ఒక నెల కాదు, మూడు సంవత్సరములు. ఇంట తండ్రి చేసిన ఋణములు పెరిగియున్నవి. జీతము లేని కొడుకునకు అది ఎంతటి పరీక్షయో ఊహింపవచ్చును. చివరకు అధికారులు తమ తప్పును గ్రహించి, ఉద్యోగమును స్థిరపఱచి, మొదటి దినమునుండి పూర్తి జీతమును ఒక్కసారిగా చెల్లించిరి. ఆ ధనము తండ్రి ఋణములు తీర్చుటకు పోయెను.

కళాశాలలో ప్రయోగశాల యని చెప్పదగినది లేదు. ఒక చిన్న గదిలో, ఒక తగరపు పనివాని సాయముతో బోసు తన పరికరములను తానే చేయించుకొనెను. 1894లో తన ముప్పదియాఱవ జన్మదినమున, ఇకమీదట పరిశోధనకే అంకితమగుదునని ఆయన నిశ్చయించుకొనెను. విద్యుత్తరంగములు కలవని జర్మనీ దేశస్థుడగు హెర్ట్జి 1888 నాటికే ప్రయోగములవలన నిరూపించియుండెను. హెర్ట్జి దర్పణములతో పరీక్షించిన తరంగముల పొడవు సుమారు 66 సెంటీమీటర్లు. నేడు పెక్కు దేశములందు కారు తాళపుచెవులు వాడు తరంగముల పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. అనగా సెకనునకు 43 కోట్ల 39 లక్షల కంపనములు. అంత పొడవైన తరంగములు వెలుతురువలె వంగునా, విఱుగునా యని పరీక్షించుటకు మనిషి యెత్తు పరికరములు కావలెను. బోసు తరంగమునే చిన్నది చేసెను. 5 మొదలు 25 మిల్లీమీటర్ల పొడవు గల తరంగములను పుట్టించి, పరికరములన్నిటిని ఒక బల్లమీద అమర్చెను. తరంగములు ఊగు దిశను గూర్చిన ప్రయోగములలో ఆయన మెలిపెట్టిన జనపనారను వాడెను. పుటల నడుమ తగరపు రేకులుంచిన ఒక రైళ్ళ కాలసూచికను గూడ అట్లే వాడెను. ఇప్పటి కార్లలో కొన్ని ముందు పోవు బండి దూరమును కొలుచుటకు వాడు తరంగముల పొడవు 4 మిల్లీమీటర్లు. ఆ కొలతకు బోసు ఆనాడే చేరువగా వచ్చెను.

ఇచట ఒక చిక్కు కలిగెను. బోసు చేసిన గ్రాహకము మిక్కిలి సున్నితమైనది. తరంగములను పుట్టించు చుట్టనుండి అటునిటు చెదరిపోవు శక్తి సైతము దానిని కదల్చుచుండెను. ఏది తాను పంపినదో, ఏది చెదరినదో తెలియనిచో ప్రయోగమునకు విలువ లేదు. కావున బోసు విద్యుద్ఘటమును, చుట్టను లోహపు పెట్టెలో మూసి, తరంగము వెలువడుటకు ఒక్క గొట్టమును మాత్రము విడిచెను. ఎడతెగక నిప్పురవ్వలు పుట్టించుటకు బదులు, ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క రవ్వ మాత్రమే పుట్టునట్లు చేసెను. జీవితచరిత్రకారులు టౌన్‌హాలు ప్రదర్శనమును విస్తరించి వ్రాయుదురు గాని ఈ పెట్టెను అంతగా పట్టించుకొనరు. నిజమునకు ఆ ప్రదర్శనము ఈ పెట్టెపై ఆధారపడినది.

1895లో టౌన్‌హాలున జరిగినది ఇది. ఉపన్యాసశాలనుండి పంపిన తరంగములు అధ్యక్షస్థానమున కూర్చుండిన లెఫ్టినెంటు గవర్నరు దేహమును, మూడు గోడలను దాటి, 75 అడుగుల దూరమున నున్న గదిలో గంటను మ్రోగించెను, పిస్తోలును పేల్చెను, చిన్న తుపాకిమందు పొట్లమును రగిల్చెను. మధ్య తీగ యెచ్చటను లేదు. మీట నొక్కిన తోడనే దూరమున ఒక పని జరుగుట మన దేశ ప్రజలు కన్నులార చూచిన తొలి సందర్భములలో ఇది యొకటి.

కొలది కాలమునకే లోకమున నిస్తంతి సాధనములు పెరిగెను. ఇటలీ దేశస్థుడగు మార్కోనీ 1896లో ఇంగ్లాండున పేటెంటు కోరి, 1901లో అట్లాంటిక్ సముద్రముమీదుగా సంకేతమును పంపెను. బోసును పొగడుటకై మార్కోనీని తక్కువ చేసి చెప్పువారు కలరు. అది యనవసరము. దూరమునకు వార్తలు పంపు వ్యవస్థను నిర్మించినవాడు మార్కోనీ. తరంగముల స్వభావమును తరచి చూచినవాడు బోసు. ఇద్దఱి మార్గములు వేఱు. అయితే బోసు తన బల్లమీద ఎదుర్కొన్న చిక్కు ఇప్పుడు సముద్రములమీద కనబడెను. ఒక ఓడ పంపు వార్త మఱియొక ఓడ వార్తతో కలసి గందరగోళమగుచుండెను. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మునిగిన పిమ్మట ఆకాశమును ఇచ్చవచ్చినట్లు వాడుకొనరాదని రాజ్యములు గుర్తించెను. అదే సంవత్సరము లండనులో అంతర్జాతీయ సమావేశము జరిగెను. అమెరికాలో ప్రసారమునకు అనుమతిపత్రము తప్పనిసరి యయ్యెను. మన దేశమున 1885 నాటి తంతిచట్టమునకు తోడుగా 1933లో నిస్తంతి చట్టము చేయబడెను. అప్పటికి బోసు జీవించియుండెను. అనుమతిపత్రము లేక నిస్తంతి పరికరమును దగ్గఱ నుంచుకొనుటయే ఆ చట్టము ప్రకారము నేరము. రేడియోపెట్టె గలవారు ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లించుట మన తాతల కాలపు మాట. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో కేంద్రప్రభుత్వము తరంగముల పంపకమును చూచుటకు ప్రత్యేక విభాగము నేర్పఱచెను. 2023లో పార్లమెంటు ఆ రెండు పాతచట్టముల స్థానమున క్రొత్త టెలికమ్యూనికేషన్ల చట్టమును చేసినది.

కారు తాళపుచెవివంటి అల్పశక్తి సాధనమునకు, నియమిత తరంగములనే వాడుచున్నయెడల, కొనువాడు అనుమతిపత్రము పొందనక్కఱలేదు. దానిని తయారుచేయువాడు, దిగుమతి చేయువాడు మాత్రము పరీక్ష చేయించి ప్రభుత్వ ఆమోదము పొందవలెను. పరీక్షలో చూచునవి మఱేమియు గావు: పంపు శక్తి హద్దు మీఱుచున్నదా, తరంగము తనకు కేటాయించిన చోటనే యున్నదా, ప్రక్కలకు చెదరి ఇతరుల గ్రాహకములను చెఱుపుచున్నదా యనునవే. లోహపు పెట్టెను చేయించిన నాడు బోసు తన్ను తానడిగికొనిన ప్రశ్నయు ఇదియే.

1901లో బోసు లండనులో నుండగా, తంతివ్యాపారము చేయు ధనికుడొకడు ఆయనను కలిసికొనెను. క్రొత్త గ్రాహకమునకు పేటెంటు తీసికొన్నచో లాభమున సగమిత్తునని చెప్పి పత్రములను ముందు పెట్టెను. బోసు అంగీకరింపలేదు. విద్యను అమ్మరాదని ఆయన పట్టుదల. తుదకు సారాబుల్ అను అమెరికా మిత్రురాలును, సోదరి నివేదితయు పట్టుపట్టగా, ఆ సంవత్సరమే అమెరికాలో దరఖాస్తు చేయబడెను. 1904లో పేటెంటు లభించెను. గెలీనా యను సీసపు ఖనిజము తరంగములను కనిపెట్టు విధము అందు వర్ణింపబడినది. దానివలన ధనము గడించుటకు బోసు యత్నింపలేదు. పేటెంటు వ్యవస్థయు ఒక విధముగ విద్యను బహిరంగపఱచునదే గదా యని నేటివారికి తోచవచ్చును. ఆయన మాత్రము అట్లు తలంపలేదు.

పిమ్మట బోసు దృష్టి మొక్కలవైపు మరలెను. ముట్టినంతనే ముడుచుకొను అత్తిపత్తిపై ఆయన ఎన్నో ప్రయోగములు చేసెను. మొక్క పెరుగుదలను కోటి రెట్లు పెంచి చూపగల క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. 1917 నవంబరు 30న కలకత్తాలో తన పేర పరిశోధనసంస్థను నెలకొల్పెను. కాని 1920లో లండనులో వాలరు అను శాస్త్రజ్ఞుడు ఆ యంత్రమును శంకించెను. అది చూపునది పెరుగుదల కాదనియు, మఱియేదో కదలికయనియు వాదించెను. బోసునకు అప్పటికి అఱువది యొక్క సంవత్సరములు. తన మాటయే ప్రమాణమని ఆయన పలుకలేదు. ఏప్రిలు 23న లండను విశ్వవిద్యాలయమున, తనకు లోబడని పండితుల యెదుట, యంత్రమును నడపి చూపెను. చూచినవారిలో తన గురువగు రేలీ ప్రభువు కుమారుడు ఒకడు. యంత్రము పెరుగుదలను సరిగా చూపుచున్నదని వారందఱు చేవ్రాలు చేసిన లేఖ మే 4న టైమ్సు పత్రికలో వెలువడెను. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ బోసును సభ్యునిగా ఎన్నుకొనెను. మొక్కలను గూర్చి ఆయన చేసిన నిర్ణయములన్నియు తరువాతి శాస్త్రజ్ఞుల అంగీకారము పొందలేదు. యంత్రపు సూక్ష్మతను మాత్రము ఎవరును కాదనలేదు.

బోసు 1937 నవంబరు 23న గిరిడీలో మరణించెను. 2012లో అంతర్జాతీయ విద్యుదింజనీర్ల సంస్థ ఒకటి ఆయన తరంగప్రయోగములకు గుర్తుగా కలకత్తాలో ఒక ఫలకమును నెలకొల్పెను. ఆయన వాడిన పరికరములలో పెక్కు నేటి కోల్‌కతాలోని బోసు సంస్థలో భద్రముగా నున్నవి.