ఎడిసన్ – బ్యాటరీ – బాడుగ

థామస్ ఆల్వా ఎడిసన్ అనగానే విద్యుద్దీపం గుర్తుకొస్తుంది, ఫోనోగ్రాఫ్ గుర్తుకొస్తుంది. అవి చిన్నప్పట్నుంచీ అందరం వింటున్న కథలే గనుక వాటిని నేను తొందరగా దాటేస్తాను. ఆ మహాశయుడు యాభై యేళ్లు దాటాక, కీర్తి, ధనం రెండూ చేతికొచ్చాక, దాదాపు పదేళ్లపాటు ఒకే ఒక్క వస్తువు వెంట పడ్డాడు. అది కారుకు పెట్టే బ్యాటరీ. ఈ భాగాన్ని జీవితచరిత్రలు రాసేవాళ్లు నాలుగు వాక్యాల్లో ముగిస్తుంటారు. నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. ఎందుకంటే ఇందులో విజ్ఞానశాస్త్రం ఎంత ఉందో, వ్యాపారమూ, మామూలు మనిషి జేబూ అంతే ఉన్నాయి.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మిలాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. బడిలో ఉన్నది కొద్ది నెలలే. అంతకుముందు ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి నాన్సీ ఇంట్లోనే చదువు చెప్పింది. పన్నెండు, పదమూడేళ్లకే పోర్ట్ హ్యూరన్, డెట్రాయిట్ మధ్య రైల్లో పత్రికలు, మిఠాయిలు అమ్మాడు. సామాను పెట్టెలో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. చెవుడు కూడా ఆ వయసులోనే మొదలైంది. తర్వాత ఊరూరా తిరిగి తంతి గుమాస్తాగా పనిచేశాడు. ఆ రోజుల్లో తంతి ఆఫీసంటేనే సీసాల వరసలు, ఆమ్లాలు, బ్యాటరీలు. 1867లో లూయీవిల్‌లో రాత్రి డ్యూటీలో సీసపు బ్యాటరీతో ప్రయోగం చేస్తుంటే ఆమ్లం ఒలికి, చెక్కనేల సందుల్లోంచి కారి, కింది గదిలో అధికారిగారి బల్లమీద పడిందని, తెల్లారేసరికి ఉద్యోగం ఊడిందని చెబుతారు. సీసం, ఆమ్లం అంటే ఆయనకు జీవితాంతం ఉన్న ఏవగింపు అక్కడే మొదలైందేమోనని నా ఊహ.

1876లో మెన్లో పార్కు ప్రయోగశాల, 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో దీపం. దీపం వెలిగాక అసలు ప్రశ్న వచ్చింది. కరెంటు ఎక్కణ్ణుంచి రావాలి? మొదట్లో ధనవంతులు ఎవరి డైనమో వాళ్లే కొనుక్కున్నారు. న్యూయార్కులో బ్యాంకరు జె. పి. మోర్గాన్ తన ఇంటికోసం సొంతంగా ఆవిరి యంత్రం, డైనమో పెట్టించుకుంటే, దాని పొగకూ చప్పుడుకూ ఇరుగుపొరుగు గోల పెట్టారు. ఎడిసన్ దానికి వేరే దారి చూపించాడు. 1882 సెప్టెంబరు 4న పెర్ల్ స్ట్రీట్‌లో విద్యుత్ కేంద్రం తెరిచాడు. యంత్రం కంపెనీది, బొగ్గు కంపెనీది, అరుగుదల కూడా కంపెనీదే. ఇంటివాడు వాడుకున్నంతకు డబ్బు కడితే చాలు. వాడుకను కొలిచే మీటరు కూడా ఆయనదే. ద్రావణంలో జింకు పలకలు వేలాడదీసి, వాటి బరువులో వచ్చిన తేడాను బట్టి బిల్లు వేసేవారు. మనం లాబ్‌లో విద్యుద్విశ్లేషణ అని చేసే ప్రయోగం అప్పుడు ఇళ్లలో లెక్కలు చెప్పింది!

ఇక బండ్ల సంగతికి వద్దాం. 1900 ప్రాంతంలో అమెరికాలో తయారైన కార్లలో సుమారు మూడో వంతు విద్యుత్తుతో నడిచేవే. పొగ లేదు, హ్యాండిల్ తిప్పే పని లేదు. ఎటొచ్చీ బ్యాటరీతోనే బాధ. సీసపు బ్యాటరీ మహా బరువు. ఎక్కించి దించుతున్న కొద్దీ దాని పలకల మీది పదార్థం రాలిపోతుంది. ఆమ్లం చుట్టూ ఉన్న ఇనుమును తింటుంది. కొద్దికాలానికే కొత్తది కొనాలి. 1897 నుంచి న్యూయార్కులో తిరిగిన విద్యుత్ టాక్సీలను అసలు అమ్మేవారే కాదు, బాడుగకే తిప్పేవారు. బండి స్టేషనుకు రాగానే సగం టన్నుకు పైగా ఉన్న బ్యాటరీని యంత్రాలతో లాగి, కొద్ది నిమిషాల్లో మరోదాన్ని తోసేవారు. కాని ఆ కంపెనీ 1907కల్లా దివాలా తీసింది.

మా తాత ఎద్దును కొనేప్పుడు పళ్లు చూసి వయసు చెప్పేవాడట. సీసపు బ్యాటరీకి పళ్లు లేవు. పైకి చూస్తే కొత్తదీ పాతదీ ఒకటే. లోపల ఎంత అరిగిందో కొనేవాడికి తెలియదు. ఇప్పుడు మా ఇంట్లో ఎద్దులు లేవు. గంట లెక్కన ట్రాక్టరును బాడుగకు పిలుస్తాం. ట్రాక్టరు పాతబడితే ఆ బాధ మాది కాదు. కాని వాన పడ్డ మర్నాడు ఊరంతా దాన్నే పిలుస్తుంటే, మా వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. ఆ బాధ మాదే. సొంతం, బాడుగ అన్న తగాదా అంతా ఇక్కడే ఉందనుకుంటాను. ఏ బాధ ఎవరు మొయ్యాలి అన్నదే లెక్క.

కరెంటు విషయంలో బాధంతా కంపెనీ నెత్తిన పెట్టిన ఎడిసన్ బ్యాటరీ విషయంలో ఎదురు దారి పట్టాడు. అసలు అరగని బ్యాటరీ చేస్తే కొనేవాడు నిశ్చింతగా కొనుక్కుంటాడు గదా అన్నది ఆయన ఆలోచన. 1899 ప్రాంతంలో పని మొదలుపెట్టాడు. అప్పటికే ఇనుప ఖనిజం పొడిచేసే కార్ఖానాలో లక్షల డాలర్లు పోగొట్టుకుని ఉన్నాడు. అయినా వెనుదీయలేదు. ఆమ్లానికి బదులు క్షారం, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. సీసానికి బదులు ఒకవైపు నికెల్ హైడ్రాక్సైడు, మరోవైపు ఇనుము. స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ కూడా అప్పుడే ఇదే దారిలో ఉన్నాడన్నది మరిచిపోకూడదు. మన పుస్తకాలు ఆయన్ను తరచు మరుస్తాయి. ఈ ఘటంలో ద్రావణం ఖర్చు కాదు, నీళ్లు మాత్రం పోస్తుండాలి. ఎక్కువ ఛార్జి చేసినా, పూర్తిగా ఖాళీచేసి వదిలేసినా చచ్చిపోదు.

1901లో కంపెనీ పెట్టాడు. పత్రికల్లో గొప్పలు చెప్పాడు. (ఈ గుణం ఆయనకు మొదట్నుంచీ ఉంది.) 1903లో అమ్మకాలు మొదలయ్యాయి. ఏడాది తిరక్కుండానే ఫిర్యాదులు. డబ్బాల అతుకులు కారుతున్నాయి, శక్తి తగ్గిపోతోంది. ఎడిసన్ తయారీ ఆపేసి, పాడైన ఘటాలను వెనక్కి తీసుకుని, మళ్లీ ప్రయోగశాలలో కూచున్నాడు. ఇంకో నాలుగైదేళ్లు, వేల ప్రయోగాలు. నికెల్ హైడ్రాక్సైడులోంచి కరెంటు సరిగా పారడం లేదని గ్రహించి, చిల్లులున్న సన్నని గొట్టాల్లో దాన్ని ఒక పొర, పలచని నికెల్ రేకుల ముక్కలు ఒక పొరగా కూరాడు. ద్రావణంలో లిథియం హైడ్రాక్సైడు కొంచెం కలిపాడు. 1909లో కొత్త ఘటం బయటికొచ్చింది. ఈసారి మాట నిలబడింది.

కాని ధర! డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కారుకు సీసపు బ్యాటరీ బదులు ఎడిసన్ బ్యాటరీ కావాలంటే 600 డాలర్లు అదనంగా కట్టాలి. 1914 నాటికి అంతకంటే తక్కువకే కొత్త ఫోర్డ్ కారు వచ్చేది. ఆ ఫోర్డ్ ఎవరు? ఎడిసన్ పేరుమీద ఉన్న డెట్రాయిట్ కరెంటు కంపెనీలో ఇంజనీరుగా పనిచేసినవాడే, 1896లో ఎడిసన్‌ను కలిసి ప్రోత్సాహం పొందినవాడే. 1914లో ఇద్దరూ కలిసి చవక విద్యుత్ కారు తెస్తామని ప్రకటించారు. అది అమ్మకానికి రాలేదు. ఈలోగా 1912లో కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టరుతో పెట్రోలు కారుకు హ్యాండిల్ తిప్పే బాధా తీరింది.

విచిత్రమేమంటే, అదే కాలంలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని కరెంటు కంపెనీ ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ సూత్రాన్నే బ్యాటరీకి పెట్టింది. లారీని బ్యాటరీ లేకుండా కొనుక్కోవచ్చు. బ్యాటరీ కంపెనీది. నెలకు కొంత, తిరిగిన మైలుకు కొంత కడితే, ఖాళీది తీసి నిండుది పెట్టి పంపేవారు. 1924 దాకా నడిచిన ఈ పద్ధతిలో లారీలు 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. అయితే ఆ లారీ స్టేషను ఉన్న ఊరు దాటి దూరం పోలేదు. పల్లెల్లో అప్పటికి కరెంటే లేదు.

ఇవి పాతకథలని కొట్టిపారేయడానికి లేదు. 2024 సెప్టెంబరులో మన దేశంలో ఎం.జి. విండ్సర్ అనే కారు వచ్చింది. బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, పైన కిలోమీటరుకు మూడున్నర రూపాయల బాడుగ. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. ఇవి మొదట ప్రకటించిన ధరలు. తేడా మూడున్నర లక్షలు. అంటే లక్ష కిలోమీటర్లకు బాడుగ ఆ తేడాకు సమానమవుతుంది. అప్పు చేసి కొంటే వడ్డీ కలిసి ఆ గీత ఇంకా దూరం జరుగుతుంది. తక్కువ తిరిగేవాడికి బాడుగే లాభం. రోజూ తిరిగి బతికేవాడికి మాత్రం, బ్యాటరీ నిజంగా మన్నేదైతే, సొంతమే మేలని నా లెక్క. నెలనెలా కట్టే డబ్బుకు ముగింపు అనేది ఒకటుండాలి గదా. ఎడిసన్ పట్టుదల అంతా ఆ “మన్నేదైతే” అన్న మాట మీదే ఉంది.

కార్లు పోయినా ఆయన బ్యాటరీ పోలేదు. రైలు పెట్టెల దీపాలకు, సిగ్నళ్లకు, గనికార్మికుల తలదీపాలకు అది పనికొచ్చి మంచి లాభాలు తెచ్చింది. దెబ్బలూ తగిలాయి. 1916 జనవరిలో బ్రూక్లిన్ నౌకాకేంద్రంలో ఈ బ్యాటరీలు పెట్టిన ఇ-2 జలాంతర్గామిలో హైడ్రోజన్ పేలి ప్రాణనష్టం జరిగింది. చలికి ఇది నీరసపడుతుంది, ఊరికే ఉన్నా ఛార్జి కోల్పోతుంది. లోపాలు లేవని నేననను.

ఎడిసన్ 1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజ్‌లో తన ఇంట్లో కన్నుమూశాడు. బ్యాటరీ కంపెనీని 1972లో ఎక్సైడ్ కొనుక్కుని, 1975లో తయారీ ఆపేసింది. అప్పటి ఘటాలు కొన్ని, కొనుక్కుని దాచుకున్నవాళ్ల దగ్గర, పాత పొటాష్ ద్రావణం పారబోసి కొత్తది పోస్తే మళ్లీ పనిచేశాయి.