పలుగురాయిని పలికించిన పియరీ క్యూరీ

మా తాత రాత్రికి ఐదారుసార్లు లేచేవాడు. మూత్రం సరిగా రావట్లేదని చెప్పడానికి సిగ్గుపడి నెలలకొద్దీ దాచుకున్నాడు. చివరికి నాచారంలో మా చిన్నాయన ఇంటికి తీసుకొచ్చి, ఉప్పల్లో స్కానింగ్ చేయించాం. తెరమీద ప్రొస్టేట్ గ్రంథిని డాక్టరు చూపిస్తుంటే నాకు పియరీ క్యూరీ గుర్తొచ్చాడు.

క్యూరీ అనగానే మనకు మేడమ్ క్యూరీయే తడుతుంది. ఆమె భర్త పియరీ 1859 మే 15న పారిస్‌లో ఒక డాక్టరు ఇంట పుట్టాడు. చిన్నప్పుడు బడికి పోలేదు, ఇంట్లోనే చదువుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే పట్టా వచ్చినా, డబ్బు చాలక పైచదువు ఆపి ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు.

1880లో అన్న జాక్‌తో కలిసి ఒక వింత కనిపెట్టాడు. మన చేలల్లో నాగలికి తగిలే పలుగురాయి ఉంది కదా, దాని స్ఫటికాన్ని తగినట్టు కోసి నొక్కితే విద్యుదావేశం పుడుతుంది! మరుసటి ఏడు, విద్యుత్తు పెడితే ఆ స్ఫటికం సాగి ముడుచుకుంటుందనీ అన్నదమ్ములు రుజువు చేశారు. దీనినే పీజో విద్యుత్తు అంటారు. 1898లో పియరీ, మేరీ దంపతులు రేడియం జాడ పట్టినప్పుడు అతి స్వల్పమైన విద్యుత్తును కొలిచింది కూడా ఈ స్ఫటికం సాయంతోనే. 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపుబండి కిందపడి, నలభయ్యారేళ్లకే కన్నుమూశాడు.

స్ఫటికం కథ ఆగలేదు. ఆయన శిష్యుడు లాంజెవాన్ 1917లో దానితోనే నీటిలోకి అతిధ్వని తరంగాలు పంపి, జలాంతర్గాముల జాడ తీసే పద్ధతి రూపొందించాడు. 1970 ప్రాంతంలో జపాను వైద్యుడు హిరోకి వతానబే, మలద్వారం గుండా పంపే ప్రోబ్‌తో ప్రొస్టేట్ బొమ్మ తీయడాన్ని వైద్యానికి పనికొచ్చేలా చేశాడు. ఇప్పటి ప్రోబుల్లో ఎక్కువగా పింగాణీవంటి పదార్థం వాడతారు గాని, సూత్రం మాత్రం క్యూరీ సోదరులదే. స్ఫటికం కంపించి ధ్వనిని పంపుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని విద్యుత్తుగా మారుస్తుంది.

అయితే ఒక్క స్కానింగ్‌తో క్యాన్సరని తేల్చలేరు. పీఎస్ఏ రక్తపరీక్ష చేస్తారు, అనుమానముంటే అల్ట్రాసౌండ్ చూపే దారిలో సూది పంపి ముక్క తీసి పరీక్షిస్తారు. మా తాతకు అలాగే తేలింది. అదృష్టం, జబ్బు ఇంకా గ్రంథి దాటలేదు.

మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ తాతనూ, నాన్ననూ ఒక్కమాట అడగండి. రాయి కూడా నొక్కితే పలికింది. మనవాళ్లు మనం అడిగితే పలకరా?