రోలాండ్ గారోస్: చెర దాటొచ్చి మళ్లీ ఆకాశానికే

ఏటా మే నెలాఖరు వచ్చిందంటే మన ఇళ్లలో టీవీల నిండా ఎర్రమట్టి టెన్నిస్ కోర్టులే. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే ఆ స్టేడియం పేరు రోలాండ్ గారోస్. ఇక్కడ రాకెట్ పట్టుకుని శనివారం పొద్దున్నే కోచింగ్‌కు వెళ్లే మన పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. పాతకాలపు చాంపియన్ ఎవరో అయ్యుంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన టెన్నిస్‌తో పేరు తెచ్చుకున్న మనిషి కాదు. విమానం నడిపినవాడు. మూడేళ్లు శత్రువుల చెరలో ఉండి, తప్పించుకుని ఇల్లు చేరినవాడు. చేరాక ఇంట్లో కూర్చోనివాడు.

వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకునే కుతూహలంతో మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల గురించి చదువుతుంటే ఈయన నాకు తారసపడ్డారు. చదివేకొద్దీ యంత్రం కన్నా మనిషే ఎక్కువగా ఆకట్టుకున్నారు.

గారోస్ 1888 అక్టోబరు 6న రీయూనియన్ దీవిలోని సాన్ దెనీ పట్టణంలో పుట్టారు. మారిషస్‌కు పొరుగున ఉన్న ఫ్రెంచి దీవి అది. మన తెలుగువాళ్లకు ఆ దీవితో పాత సంబంధమే ఉంది. 1820ల చివర్లోనే యానాం నుంచి కూలీలను ఓడలెక్కించి అక్కడి చెరకు తోటలకు తీసుకెళ్లారు. యానాం, రీయూనియన్ రెండూ అప్పట్లో ఫ్రాన్స్ ఏలుబడిలోనివే.

తండ్రి న్యాయవాది. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం వియత్నాంలోని సైగాన్‌కు మారింది. అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు. పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి చదువు కోసం ఒంటరిగా పారిస్‌కు పంపారు. అమ్మానాన్నలు సముద్రాల అవతల, తను చలిదేశంలో హాస్టల్లో. న్యుమోనియా పట్టుకుంది. ఎండ తగిలే దక్షిణ తీరంలోని కాన్ పట్టణానికి పంపితే అక్కడ కోలుకున్నారు. సైకిల్ తొక్కి తొక్కి ఊపిరితిత్తులను గట్టి చేసుకుని, పోటీల్లో గెలిచేదాకా వెళ్లారు. పుట్టింది ఒక చోట, పెరిగింది ఒక చోట, చదివింది ఇంకో చోట. మీ ఊరేదని అడిగితే తడుముకునే మన పిల్లలకు ఈ బాల్యం కొత్తగా అనిపించదు.

పారిస్‌లో పేరున్న వాణిజ్య కళాశాల హెచ్‌ఈసీలో చదివి, కార్ల వ్యాపారం పెట్టారు. 1909 ఆగస్టులో రాన్స్ నగరం దగ్గర జరిగిన విమానాల పోటీ చూశాక ఆయన మనసు కార్ల మీద నిలవలేదు. ఒక చిన్న విమానం కొనుక్కుని నేర్చుకున్నారు. 1913 సెప్టెంబరు 23న ఫ్రాన్స్‌లోని ఫ్రెజూస్ నుంచి ట్యునీషియాలోని బిజెర్త్ వరకు, దాదాపు 800 కిలోమీటర్లు, మధ్యధరా సముద్రం మీదుగా ఎక్కడా దిగకుండా ఎగిరారు. అలా సముద్రం దాటిన మొదటి మనిషి ఆయనే. దాదాపు ఎనిమిది గంటలు ఒంటరి ప్రయాణం. దిగేసరికి ట్యాంకులో పెట్రోలు అడుగంటింది. అప్పటికి ఇంకా పాతికేళ్లు నిండలేదు.

మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. విమానంలో తుపాకీ పెట్టాలంటే పెద్ద చిక్కు ఒకటి ఉండేది. నేరుగా ముందుకు కాల్చితే తూటాలు తిరుగుతున్న సొంత ప్రొపెల్లర్‌నే విరగ్గొడతాయి. విమాన తయారీదారు రేమండ్ సోల్నియర్ ఆలోచనను అందుకుని, గారోస్, ఆయన మెకానిక్ కలిసి ప్రొపెల్లర్ రెక్కలకు ఉక్కు ముక్కలు బిగించారు. చాలా తూటాలు రెక్కల సందులోంచి పోతాయి. తగిలిన కొన్ని ఉక్కు మీద పడి పక్కకు జారిపోతాయి. మా భాషలో చెప్పాలంటే సమస్యను తీర్చలేదు, పని జరిగేలా అడ్డదారి వేశారు. ఆ అడ్డదారితోనే 1915 ఏప్రిల్‌లో మూడు వారాలైనా తిరక్కుండా మూడు జర్మన్ విమానాలను కూల్చారు.

ఏప్రిల్ 18న బెల్జియంలో శత్రువుల ఆధీనంలోని ప్రాంతం మీద ఇంజిన్ ఆగిపోయింది. దిగక తప్పలేదు. దిగగానే చేసిన మొదటి పని విమానానికి నిప్పు పెట్టడం. అది పూర్తిగా కాలకముందే జర్మన్ సైనికులు వచ్చి పట్టుకున్నారు. ఉక్కు ముక్కల ప్రొపెల్లర్ వాళ్ల చేతికి చిక్కింది. విమానాల తయారీదారు ఆంథోనీ ఫోకర్‌కు దాన్ని చూపించారు. కొద్ది వారాల్లోనే ఆయన సంస్థ అంతకన్నా మెరుగైనది తెచ్చింది. ఇంజిన్ తిరగడానికీ తుపాకీ పేలడానికీ లంకె వేసి, రెక్క అడ్డొచ్చినప్పుడు తూటా ఆగేలా చేసే ఏర్పాటు అది. దానిమీద జర్మనీలో ముందే పని సాగుతోందని చరిత్రకారులు చెబుతారు. కానీ గారోస్ విమానం దొరకడంతో అది వేగం అందుకుంది. ఆ ఏడాది చివరికల్లా ఫ్రాన్స్, బ్రిటన్ పైలట్లు ఫోకర్ విమానాలకు వరసగా బలయ్యారు.

ఆ సమయమంతా గారోస్ ముళ్లకంచె లోపల ఉన్నారు. ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మారుస్తూ పోయారు. తప్పించుకోవాలని ప్రయత్నించడం, విఫలం కావడం, కాపలా ఇంకా బిగియడం. తోటి పైలట్లు కొత్త విమానాలు నడుపుతుంటే ఆయన రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపారు. ఆరోగ్యం పాడైంది. దూరపు చూపు మసకబారింది.

మాగ్డెబర్గ్ శిబిరంలో ఆయనకు ఆన్సెల్మ్ మార్షల్ తోడు దొరికారు. ఈయనా సామాన్యుడు కాదు. 1916 జూన్‌లో రాత్రివేళ ఒంటరిగా బెర్లిన్ మీదకు ఎగిరి, బాంబులు కాకుండా కరపత్రాలు జారవిడిచి, రష్యా వైపు సాగిపోయి, గమ్యం ఇంకాస్త దూరంలో ఉండగా ఇంజిన్ మొరాయించడంతో పట్టుబడ్డ పైలట్. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయనకు జర్మన్ భాష బాగా వచ్చు.

1918 ఫిబ్రవరి మధ్యలో ఇద్దరూ జర్మన్ అధికారుల వేషం వేసుకుని కాపలావాళ్ల ముందు నుంచే నడిచి బయటికొచ్చారు. సొరంగం తవ్వలేదు, గోడ దూకలేదు. హోదా చూపించి, మాట్లాడాల్సిన చోట మార్షల్ మాట్లాడి గట్టెక్కారు. అది జర్మనీ నడిబొడ్డు. పడమటి సరిహద్దు వందల కిలోమీటర్ల దూరం. ఒక్క తప్పు ఉచ్చారణ చాలు, పని అయిపోవడానికి. చివరికి యుద్ధంలో ఏ పక్షమూ చేరని నెదర్లాండ్స్‌లో అడుగుపెట్టారు. అక్కడి నుంచి లండన్, లండన్ నుంచి ఫ్రాన్స్.

ఈ కథ ఇక్కడితో అయిపోతే బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది. మనిషి ఇల్లు చేరాడు. యుద్ధానికి వెళ్లకుండా సలహాదారుగా ఉండమని ప్రభుత్వమే అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. మూడేళ్లలో విమానాలు గుర్తుపట్టలేనంత మారిపోయాయి. వేగం పెరిగింది, పోరాడే పద్ధతి మారింది. తనకన్నా చిన్నవాళ్ల దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. చూపు తగ్గిన సంగతి పైవాళ్లకు తెలిస్తే ఎగరనివ్వరని, కళ్లద్దాలు రహస్యంగా చేయించుకున్నారు.

ఎందుకంత పంతం? తన విమానం శత్రువుకు చిక్కిందన్న బాధా? పోగొట్టుకున్న మూడేళ్లను రాబట్టుకోవాలన్న ఆత్రమా? బయటినుంచి చూసే మనం తీర్పు చెప్పలేం. కానీ చెర అంటే కంచె ఒక్కటే కాదని మాత్రం నాకు అర్థమైంది. తన పని తనకు దక్కనంతకాలం ఆయన లెక్కలో విడుదల పూర్తి కాలేదు.

పాత దళంలోనే చేరి, 1918 అక్టోబరు 2న మరో విమానాన్ని కూల్చారు. అక్టోబరు 5న వూజియే పట్టణం దగ్గర ఆకాశంలో జరిగిన పోరులో ప్రాణాలు కోల్పోయారు. తెల్లారితే ముప్ఫయ్యో పుట్టినరోజు. ఇంకో ఐదు వారాలకు, నవంబరు 11న, యుద్ధం ముగిసింది. సమాధి వూజియేలోనే ఉంది.

మరి టెన్నిస్ సంగతి? 1927లో ఫ్రాన్స్ అమెరికాను ఓడించి డేవిస్ కప్ గెలిచింది. మరుసటి ఏడాది పారిస్‌లో ఆ కప్పును నిలబెట్టుకునే పోటీకి కొత్త స్టేడియం కావాలి. స్థలం విషయంలో చేయి కలిపిన స్టాడ్ ఫ్రాన్సే క్లబ్బు అధ్యక్షుడు ఎమిల్ లెసియర్, హెచ్‌ఈసీలో గారోస్ సహాధ్యాయి. తన మిత్రుడి పేరే పెట్టాలని పట్టుబట్టి సాధించారు. పదేళ్ల క్రితం పోయిన స్నేహితుణ్ని ఆయన మరచిపోలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే ఫ్రాన్స్ ప్రభుత్వం అనుమానం వచ్చిన విదేశీయులను ఇదే స్టేడియంలో నిర్బంధించింది. నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. రచయిత ఆర్థర్ కోస్లర్ వారిలో ఒకరు. చెర తప్పించుకున్న మనిషి పేరు పెట్టుకున్న చోటే చెరసాల అయింది. పరాయి దేశంలో కాగితాల మీద బతికే మనలాంటి వాళ్లకు ఈ ముక్క కాస్త గట్టిగానే తగులుతుంది.

రీయూనియన్‌లో విమానం దిగితే అక్కడి విమానాశ్రయం పేరు కూడా రోలాండ్ గారోసే. చిన్నతనంలోనే ఓడెక్కి వెళ్లిపోయిన పిల్లవాణ్ని ఆ దీవి నేటికీ తనవాడనే చెప్పుకుంటోంది. ఈసారి ఫ్రెంచ్ ఓపెన్ చూసేటప్పుడు స్కోరు మధ్యలో దొరికే రెండు నిమిషాల విరామంలో మీ పిల్లలకు ఈయన గురించి చెప్పండి. యానాం ఎక్కడుందో కూడా పటంలో చూపించండి.