తేయాకు ఋషి లూ యూ

టాంగు వంశపు చక్రవర్తులు చీనాదేశాన్ని పాలిస్తున్న కాలం. క్రీ.శ. 733 ప్రాంతమున జింగ్‌లింగ్ పట్టణములో, అనగా నేటి హూబేయ్ రాష్ట్రమందలి థ్యెన్‌మెన్‌లో, జీజీ అనే బౌద్ధమఠాధిపతికి నీటియొడ్డున ఒక పసిబిడ్డ దొరికినాడని చెప్పుతారు. తల్లి యెవరో తండ్రి యెవరో తెలియదు. పెరిగి పెద్దవాడైన తరువాత ఆ బాలుడు 'యీ జింగ్' అనే శకునగ్రంథమును చూచి తన పేరు తానే పెట్టుకొన్నాడట. అడవిబాతు మెల్లగా నేలపై వాలుట, దాని యీకలు కర్మకాండకు ఉపకరించుట ఆ శకునము. లూ అనగా నేల. యూ అనగా ఈక. వంశనామము లేనివానికి గ్రంథమే వంశమిచ్చినది.

మఠాధిపతి బాలునికి తొమ్మిదవ యేట బౌద్ధసూత్రములు నేర్పబోయినాడు. పిల్లవాడు ఒప్పుకొనలేదు. సన్న్యాసికి అన్నదమ్ములు లేరు, సంతానము లేదు. పితృఋణము తీర్చుట యెట్లని ఎదురు ప్రశ్న వేసి, తనకు కన్ఫ్యూషియసు శాస్త్రములే కావలెనన్నాడు. కన్నవారెవరో యెఱుగని బిడ్డ నోట ఆ ప్రశ్న వినుట గురువునకు ఎంత కష్టముగా నుండెనో ఊహించుకొనవచ్చును. ఇద్దరూ పట్టు విడువలేదు. బాలుని అహంకారము అణచుటకు గురువు అతనిచేత నేల ఊడ్పించినాడు, మరుగుదొడ్లు కడిగించినాడు, గోడలకు బురద త్రొక్కించినాడు, వీపున పెంకులు మోయించినాడు. ముప్పది పశువులను అప్పగించి మేపుమన్నాడు.

కాగితము లేదు, లూ యూ వెదురుపుల్లతో ఎద్దువీపు మీద అక్షరాలు దిద్దుకొన్నాడు. ఒకనాడు ఒక కావ్యప్రతి చేతికి చిక్కినది గాని అందలి అక్షరములు తెలియవు. అయినను పచ్చికలో కూర్చుండి, పుస్తకము విప్పి, బడిపిల్లలవలె పెదవులు మాత్రము కదిపేవాడు. సంగతి తెలిసి గురువు వానిని మఠములోనే నిలిపి కలుపు తీయించినాడు. పని నడుమ అక్షరములను తలచుకొని నిశ్చేష్టుడై నిలిచినప్పుడు పర్యవేక్షకుడు సోమరితనమని తలచి, బెత్తము విరుగునంతవరకు కొట్టినాడు. ఇవన్నీ లూ యూ 761లో వ్రాసిన ఆత్మకథలో చెప్పుకొన్నవే. జీజీ క్రూరుడని నేననలేను. పెంచిన బిడ్డ పరశాస్త్రముల పాలగునేమో అన్న భయమే ఆయనచేత ఆ పనులు చేయించినది. ఆ భయమే బిడ్డను దూరము చేసినది కూడాను.

పారిపోయిన బాలుడు నాటకసమాజములో చేరినాడు. రూపము లేదు, మాట తడబడును. అయినను విదూషకుడుగా రాణించి, హాస్యరచనలు సైతము చేసినాడు. 746లో ఆ ప్రాంతమునకు పాలకుడుగా వచ్చిన లీ చీవూ వాని ప్రతిభ గుర్తించి పుస్తకములిచ్చి, కొండపైనున్న ఒక గురువు వద్దకు చదువునకు పంపినాడు. కొన్ని యేండ్లకు ట్సుయ్ గువోఫూ అనే మరొక అధికారి ఇతనితో మూడేండ్లు స్నేహము నెరపి, వీడ్కోలునాడు తెల్లగాడిదను, నల్లయెద్దును, పుస్తకముల పెట్టెను కానుకగా ఇచ్చినాడు.

755లో ఆన్ లూషాన్ తిరుగుబాటు చెలరేగి, జనులు గుంపులు గుంపులుగా దక్షిణమునకు తరలినారు. వారితోపాటు లూ యూ యాంగ్‌ట్సీ నది దాటి, చివరకు హూజౌలో నిలిచినాడు. అచట జ్యావ్‌రాన్ అనే భిక్షుకవి ఆప్తమిత్రుడైనాడు. తేయాకు కొండలు దాపుననే ఉన్నవి. అక్కడ ఏండ్లతరబడి పరిశీలించి వ్రాసి, 780 ప్రాంతమున పూర్తిచేసిన గ్రంథమే 'చా జింగ్'. మూడు సంపుటములు, పది అధ్యాయములు, ఇంచుమించు ఏడువేల అక్షరములు మాత్రమే. తేయాకును గురించి లోకములో వెలసిన తొలి సమగ్రగ్రంథమిదే.

నాటి తేనీరు నేటిది కాదు. ఆకును ఆవిరిపై ఉడికించి, దంచి, అచ్చులలో బిళ్ళలుగా చేసి ఆరబెట్టేవారు. కాచునప్పుడు బిళ్ళను కప్పవీపువలె బొబ్బలెక్కువరకు నిప్పుపై కాల్చి, వేడిగానే కాగితపు సంచిలో దాచి, చల్లారిన పిమ్మట పొడిచేసి జల్లించవలెను. నీళ్ళలో కొండయూట ఉత్తమము, నదినీరు మధ్యమము, బావినీరు అధమము. మరుగులు మూడు: చేపకన్నులవంటి బుడగలు లేచుట మొదటిది, అప్పుడు చిటికెడు ఉప్పు వేయవలెను. అంచుల వెంట ముత్యాలసరములు పొంగుట రెండవది. అప్పుడు ఒక గరిటెడు నీరు తీసి ప్రక్కనుంచి, వెదురుపుల్లతో సుడి త్రిప్పి, సుడినడుమ పొడి పోయవలెను. అలలు ఎగిసిపడుట మూడవది. తీసియుంచిన నీటిని తిరిగి పోసినచో పొంగు అణగి నురుగు నిలుచును. ఆ నురుగే తేనీటికి ప్రాణమని అతని మతము. ఉల్లి, అల్లము, నారింజతొక్క, పుదీనా కలిపి కాచుట ఆనాటి వాడుక. దానిని లూ యూ మురుగునీటితో సమానమన్నాడు! మన యిండ్లలో అల్లపు టీ త్రాగువారు కోపగించుకొనకుందురు గాక.

పరికరములు ఇరువదినాలుగు. ప్రభువుల యిండ్లలో వానిలో ఒకటి కొఱవడినను తేనీరు తేనీరు కాదు. అడవిలో, కొండబండపై మాత్రము చాలావరకు విడిచిపెట్టవచ్చును.

ఇంతటివానికి అవమానమును తప్పలేదు. లీ జీచింగ్ అనే రాజోద్యోగి ఇతనిని పిలిపించి, పల్లెటూరి వేషము చూచి చులకనచేసి, తేనీరు ముగిసిన పిమ్మట పనివానికిచ్చినట్లు ముప్పది కాసులిప్పించినాడట. లూ యూ సిగ్గుతో క్రుంగి, తేనీటిని ఖండించుచు ఒక గ్రంథమే వ్రాసినాడని నాటి ఒక రచయిత చెప్పినాడు. తరువాత యువరాజునకు విద్యాధికారి పదవి లభించినను స్వీకరించలేదు.

జీజీ మాట యేమైనది? లూ యూ వెడలిన తరువాత ఆయన ఇతరులు కాచిన తేనీరు ముట్టలేదని ఒక కథ. చక్రవర్తి పరీక్షింపదలచి అంతఃపురస్త్రీచేత కాయించి యిచ్చినాడు. వృద్ధుడు ఒక్క గ్రుక్కతో ఆపినాడు. రహస్యముగా లూ యూను రప్పించి కాయించినాడు. వృద్ధుడు గిన్నె ఖాళీచేసి, ఇది మా పిల్లవాని చేతిదే అన్నాడట. ఇది కథయే కావచ్చును. గురువు మరణవార్త విని లూ యూ విలపించి ఒక గీతము వ్రాసినాడన్నది మాత్రము ప్రాచీన గ్రంథములందున్న సంగతి.

804లో లూ యూ హూజౌలో కన్నుమూసినాడు. వర్తకులు అతని మట్టిబొమ్మను పొయ్యి ప్రక్కన నిలిపి దేవునిగా కొలిచినారు. బేరములు సాగని రోజున ఆ బొమ్మ నెత్తిపైననే వేడినీళ్ళు కుమ్మరించేవారు.