కార్ల్ ష్వార్జ్‌షిల్డ్

1873వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున, ఒక సంపన్న యూదు కుటుంబములో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ జన్మించెను. ఆరుగురు సంతానములో అతడే పెద్దవాడు. చేతిఖర్చునకు పెద్దలిచ్చిన డబ్బును కూడబెట్టి, కటకములు కొని, అతడు బాల్యముననే చిన్న దూరదర్శిని నొకదానిని కూర్చుకొనెను. పదునారేండ్ల ప్రాయమున జంటనక్షత్రముల గమనమును గూర్చి అతడు వ్రాసిన రెండు వ్యాసములు జ్యోతిశ్శాస్త్ర పత్రికలో అచ్చుపడెను. ఆ వయస్సున బాలురు గణితపు పరీక్ష గట్టెక్కినచో అదియే చాలునని సంతసింతురు.

స్ట్రాస్‌బర్గ్, మ్యూనిక్ నగరములలో చదివి, 1896లో ఆయన డాక్టరు పట్టము నందెను. తరువాత వియన్నాలోని ఒక వేధశాలలో పనిచేయుచు, ఛాయాచిత్రపు పలకపై నక్షత్రకాంతి కలిగించు నలుపును బట్టి ఆ నక్షత్రపు వెలుగును కొలుచు పద్ధతిని శ్రద్ధతో పరిశీలించెను. 1901లో గొటింగెన్ వేధశాలకు అధ్యక్షుడయ్యెను. అది ఒకప్పుడు గణితసార్వభౌముడగు గాస్ అధిష్ఠించిన పీఠము. ష్వార్జ్‌షిల్డ్‌కు అప్పటికి ముప్పదియేండ్లైనను నిండలేదు. 1909లో పోట్స్‌డామ్ వేధశాలాధ్యక్ష పదవి ఆయనకు లభించెను. ఆ యేటనే వివాహమాడెను.

ఆయన గణితములో ఎంత నేర్పరియో పరిశీలనలో అంత పట్టుదల గలవాడు. ఏ సిద్ధాంతమైనను ఆకాశమే సాక్ష్యమీయవలెనని ఆయన తలంపు. అంతరిక్షము వంపు గలదై యుండునా, ఉన్నచో ఆ వంపు ఎంతవరకుండవచ్చును అను విషయమును నక్షత్రముల దూరములనుబట్టి 1900లోనే ఆయన విచారించెను. ఐన్‌స్టీన్ పేరు అప్పటికి లోకమునకు తెలియదు. సూర్యుని ఆకర్షణను దాటి వచ్చు వెలుతురు ఇంచుక ఎఱుపు వైపునకు జరుగునని తరువాత ఐన్‌స్టీన్ చెప్పగా, 1914లో ష్వార్జ్‌షిల్డ్ పోట్స్‌డామ్‌లో సూర్యకాంతిని విశ్లేషించి ఆ మార్పును వెదకెను. ఫలితము అటో ఇటో తేలలేదు.

ఆ యేడే మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. నలుబదియేండ్లు దాటిన ఆయనకు యుద్ధమునకు పోవలసిన నిర్బంధము లేకున్నను, తనంతట తానే సైన్యమున చేరెను. బెల్జియములో వాతావరణ పరిశీలన చేసెను. ఫిరంగిగుండు ఏ త్రోవను పోవునో లెక్కగట్టెను. రష్యా వైపు యుద్ధరంగమునను పనిచేసెను.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ తన నూతన ఆకర్షణ సిద్ధాంతమును బెర్లినులోని ప్రష్యన్ అకాడమీలో వెల్లడించెను. బుధగ్రహపు కక్ష్య నూరేండ్లకు 43 వికలలు అదనముగా తిరుగుచుండుటకు న్యూటను సూత్రము కారణము చూపజాలకుండెను. డిగ్రీలో 3600వ వంతు వికల. ఐన్‌స్టీన్ లెక్క ఆ 43 వికలలకును సరిపోయెను. కాని అది ఉజ్జాయింపు లెక్క. ఆయన సమీకరణములు ఎంత జటిలములనగా, వానికి కచ్చితమైన సాధన దొరకునని ఆయనయే అనుకొనలేదు. యుద్ధరంగమునుండి ష్వార్జ్‌షిల్డ్ ఆ సాధనను కనుగొని, డిసెంబరు 22వ తేదీన ఐన్‌స్టీన్‌కు జాబు వ్రాసెను. కొలది వారములలో ఐన్‌స్టీన్ ఆశ్చర్యానందములతో దానిని అకాడమీకి సమర్పించెను.

ఆ సాధనలో ఒక వింత కొలత కనబడెను. ఒక గోళములోని పదార్థమంతయు ఒకానొక వ్యాసార్ధమునకు లోపల ఇమిడిపోయినచో, వెలుతురుకూడ దానినుండి వెలువడజాలదు. సూర్యునకు ఈ కొలత సుమారు 3 కిలోమీటర్లు. భూమికి 9 మిల్లీమీటర్లు, అనగా గోలీకాయంత. అట్టి వస్తువు ప్రకృతిలో ఉండునని ష్వార్జ్‌షిల్డ్ నమ్మలేదు. ద్రవగోళము అంత చిన్నది కాకమునుపే దాని నడిమి ఒత్తిడి అనంతమగునని తన రెండవ వ్యాసములో చూపెను.

అప్పటికే ఒడలెల్ల బొబ్బలెక్కు పెంఫిగస్ అను వ్యాధి ఆయనను పట్టి పీడించుచుండెను. ఆనాడు దానికి చికిత్స లేదు. 1916 మార్చిలో ఇంటికి పంపిరి. మే 11వ తేదీన, నలుబదిరెండేండ్ల వయస్సున, పోట్స్‌డామ్‌లో కన్నుమూసెను. నాలుగేండ్లు నిండని ఆయన కుమారుడు మార్టిన్ పెరిగి పెద్దవాడై, తానును పేరెన్నికగన్న జ్యోతిశ్శాస్త్రవేత్త యయ్యెను.

ఉండదని ష్వార్జ్‌షిల్డ్ తలచిన వస్తువునే నేడు కృష్ణబిలమందురు. దాని చుట్టును మండుచున్న వాయువు వెలుగుచుండగా, మిక్కిలి చేరువకు వచ్చిన కిరణములు లోపల పడిపోవును. నడుమ నల్లని నీడ ఏర్పడును. ఆ నీడ ష్వార్జ్‌షిల్డ్ కొలతకు 2.6 రెట్లుండవలెను. కృష్ణబిలము తన చుట్టు తాను తిరుగుచున్నను ఈ పరిమాణము మిక్కిలి మారదు. ఐన్‌స్టీన్ సిద్ధాంతమునకు పోటీగా వచ్చినవానిలో కొన్నింటి ప్రకారము నీడ ఇంతకంటె చిన్నదిగానో పెద్దదిగానో ఉండవలెను. కావున నీడను కొలిచినచో ఆకర్షణ సిద్ధాంతమును పరీక్షించినట్లే.

భూమిపై ఆరు తావులలోని ఎనిమిది రేడియో దూరదర్శినులను కలిపి, 2017లో శాస్త్రజ్ఞులు ఎం-87 అను నక్షత్రమండలముయొక్క నడిమి కృష్ణబిలమును పరిశీలించిరి. దాని బరువు 650 కోట్ల సూర్యులంత. దూరము అయిదున్నర కోట్ల కాంతిసంవత్సరములు. 2019 ఏప్రిల్ 10వ తేదీన ప్రకటించిన చిత్రములో వెలుగువలయపు వెడల్పు వికలలో పదిలక్షవ వంతులు 42. చంద్రునిపై ఉంచిన నారింజపండు మనకు అంతగానే కనబడును. కాని ఎం-87 కృష్ణబిలపు బరువును గూర్చి అంతకుముందు రెండు భిన్నమైన లెక్కలుండెను. బరువు సరిగా తెలియనిచో నీడ ఎంత ఉండవలెనో చెప్పుట కష్టము.

మన పాలపుంత నడిమి కృష్ణబిలముతో ఆ చిక్కు లేదు. దానిచుట్టు తిరుగు నక్షత్రములను ఏండ్ల తరబడి కనిపెట్టి, దాని బరువు సుమారు 40 లక్షల సూర్యులంతయని ముందే నిర్ణయించియుండిరి. 2022 మే 12వ తేదీన దాని చిత్రము వెలువడెను. ష్వార్జ్‌షిల్డ్ మరణించి అప్పటికి నూటయారేండ్ల మీద ఒకనాడు. ఆయన సాధన చెప్పిన పరిమాణమునకును, కొలిచిన నీడకును దాదాపు నూటికి పదివంతుల లోపుననే పొత్తు కుదిరెను. దానితో కొన్ని పోటీ సిద్ధాంతములకు తావు లేకపోయెను. ఆ పదివంతుల సందులో ఇమిడిపోగలిగినవి ఇంకను నిలిచియున్నవి. వానిని తేల్చుటకు మరిన్ని దూరదర్శినులు కావలసియున్నవి.