మైలురాళ్లపై అంకెలు నేర్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు

కందుకూరి వీరేశలింగము పంతులుగారికి దక్షిణదేశ విద్యాసాగరుడని పేరు గలదు. ఆ పేరునకు మూలమైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని, 1856లో వెలువడిన వితంతు వివాహ శాసనమునకై పోరాడిన సంస్కర్తగా ఆంధ్రులెఱుగుదురు. అక్షరాభ్యాసము చేయు పసిబిడ్డలకు ఆయన చేసిన మేలు మాత్రము మనలో పలువురు వినియుండరు.

ఆయన 1820 సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమునందలి వీరసింహ గ్రామమున జన్మించెను. తండ్రి ఠాకూర్‌దాసు బందోపాధ్యాయుడు, తల్లి భగవతీదేవి. శిశువు పుట్టిన దినమున, ఊరినుండి వచ్చుచున్న తండ్రికి తాతగారెదురై, ఇంట కోడెదూడ పుట్టినదని చెప్పగా, ఆయన నిజమనుకొని పశువులకొట్టమువైపు నడచెనట. పిల్లవాని మొండితనము చూచినవారు ఆ మాట వ్యర్థము కాలేదనుకొనిరి.

ఊరి వీథిబడిలో కాళీకాంత చట్టోపాధ్యాయుడు వానికి గురువు. మన బడులలో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దినట్లే, అచ్చటి పిల్లలు మొదట నేలమీద సుద్దతోను, పిదప తాటాకుపైని, అరటాకుపైని, కడపట కాగితముపైని వ్రాయుచుండిరి. వ్రాతలో ఈశ్వరుడు బడికెల్ల మేటి.

తండ్రి కలకత్తాలో నెలకు 10 రూపాయల జీతముపై కొలువు చేయుచుండెను. 1828లో కుమారుని పై చదువునకై ఆ నగరమునకు తోడుకొని పోయెను. వెంట గురువును, ఒక పరిచారకుడును ఉండిరి. ప్రయాణము కాలినడకనే. రాజబాట నెక్కినంతనే బాలునికి ప్రక్కన పాతిన రాయి యొకటి కనబడెను. బాటప్రక్కన సన్నికల్లు ఏల పాతిరని అడిగెను. తండ్రి నవ్వి, అది సన్నికల్లు గాదనియు, కలకత్తా యెన్ని మైళ్లున్నదో ఇంగ్లీషు అంకెలలో తెలుపు రాయి యనియు చెప్పెను. ఆ రాతిపై నున్నది 19. ఒకటి యేదో, తొమ్మిది యేదో బాలుడు వ్రేలితో తడవి చూచెను. తరువాతి రాయి 18, ఆపై 17. ఇట్లు 10వ రాయి చేరునప్పటికి అంకెలన్నియు వచ్చినవని చెప్పెను.

తండ్రికి నమ్మకము చాలలేదు. రాళ్లు వరుసగా తగ్గుచున్నవి గనుక, బాలుడు ఆకారము నెఱుగకయే ఊహించి చెప్పుచున్నాడేమోయని శంకించెను. 9, 8, 7 సరిగా చెప్పించి, 6వ రాయి వచ్చువేళ మాటలలో పెట్టి దానిని దాటించి, 5వ రాయి చూపి అడిగెను. బాలుడు తడుముకొనక, ఇది ఆఱు కావలసియుండగా పొరపాటున అయిదు చెక్కినారని చెప్పెను. తన లెక్కను విడువలేదు, కంటికి కనబడిన అంకెను కాదనలేదు. తప్పు చెక్కినవానిది! లెక్కలు సరిచూచువారికి ఉండవలసిన గుణము ఇదియే. గురువు సంతోషముతో శిష్యుని గడ్డము పట్టుకొని దీవించెను. నగరము చేరినపిమ్మట తండ్రి సరిచూచుచున్న ఇంగ్లీషు బిల్లులను కొన్నింటిని ఆ బాలుడే తప్పులేక కూడెను.

1829లో సంస్కృత కళాశాలలో చేరి, 1839 నాటికి విద్యాసాగర బిరుదమునంది, 1851లో ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. అంతటి పండితుడు 1855లో వర్ణపరిచయమను చిన్న వాచకమును రెండు భాగములుగా రచించెను. అంతకు ముందు వంగభాషలో వాడుకలేని దీర్ఘ ౠకారము, ౡకారము గూడ పిల్లలు వల్లింపవలసియుండెను. ఆయన వానిని తీసివేసి, సున్నను విసర్గమును హల్లులలో చేర్చి, అచ్చులు 12, హల్లులు 40గా ఏర్పఱచెను. మొదట అక్షరము, పిదప చిన్న మాట, పిదప చిన్న వాక్యము. సంయుక్తాక్షరములు రెండవ భాగమున మాత్రమే. రాయి తరువాత రాయి వచ్చినట్లు ఆ పాఠములు నడచును. అందు గోపాలుడు చెప్పినమాట వినువాడు, రాఖాలుడు విననివాడు. గ్రంథకర్త బాల్యము రాఖాలునికే దగ్గర యన్న తప్పులేదు.

పాఠశాలల తనిఖీ భారము గూడ వహించి నాలుగు జిల్లాలలో 20 మాదిరి పాఠశాలలను నెలకొల్పెను. 1857 నవంబరు మొదలు 1858 మే వఱకు 35 బాలికా పాఠశాలలను తెఱపించెను. ప్రభుత్వము వానికి స్థిరమైన గ్రాంటు నిరాకరించెను. ఆ యేడే ఆయన ఉద్యోగము వదలి, చందాలు పోగుచేసి ఆ బడులను నిలుపుటకు పాటుపడెను. వార్ధకమున కర్మాటాడులో సంతాలుల నడుమ నివసించి, వారికి మందులిచ్చుచు బడి నడపెను.

1891 జూలై 29వ తేదీన ఆయన మరణించెను. స్వీయచరిత్ర నారంభించి బాల్యముకడనే విడిచెను. కుమారుడు దానిని ఆ యేడే అచ్చువేయించెను. శాసనముల ప్రసక్తి, పదవుల ప్రసక్తి అందు లేదు. ఆ కొలది పుటలలో మైలురాళ్ల కథ మాత్రము రాయి రాయి వరుసన గలదు.